కుమ్ లోయిడ్‌లో దిగిన శ్రుతి

కుమ్ లోయిడ్,
ఫిబ్రవరి మొదటివారం

మారెడ్ అక్కకు,

ముందుగా నా కోడిగీతలను, నా తప్పులను క్షమించు. బడిలో ఉన్న నాలుగేళ్లూ ఇంగ్లీషు రాలేదని దెబ్బలు తినడానికే సరిపోయాయి. మన భాషలో రాయడం ఆదివారపు బడిలో అబ్బినంతే అబ్బింది. పైగా ఈ కలం అత్తగారిది. ఒత్తితేగాని కదలదు, ఒత్తితే సిరా కక్కుతుంది. ఆవిడ వస్తువులన్నీ ఆవిడలాగే ఉంటాయి.

నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటుంది. నీ మరిది శ్రుతి దింపేస్తున్నాడు.

మా మందిరంలో వాయిద్యం లేదని నీకు తెలుసు. పాట ఎత్తేది మా ఆయన ఎమ్రిసే. ఆయన తండ్రీ ఎత్తాడు, ఆ రెండు కొమ్ముల శ్రుతిదండం కూడా తండ్రిదే. దాన్ని మోకాలికి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, ఆ మోతను బట్టి కీర్తనకు 'డో' అందిస్తాడు. ఆ డో మీద మేమంతా మేడ కట్టుకుంటాం. మేం నేర్చింది డో రే మీ పద్ధతి కదా, డో ఎక్కడ పెడితే అక్కడినుంచి తక్కినవన్నీ తమ తమ దూరాల్లో నిలబడతాయి. అందుకే డో అర స్వరం కిందికి దిగినా ఎవరికీ పట్టదు. ఇంటినంతా పక్కకు జరిపితే లోపలున్న కుర్చీకి ఏం తెలుస్తుంది?

నాకు తెలిసింది నీ గడియారం వల్ల. పెళ్లికి నువ్విచ్చిన దాని గంట, ఆయన భోజనం ముందు పాడే కీర్తనలో ఇదివరకు చక్కగా ఒదిగిపోయేది. క్రిస్మస్ తర్వాత ఒదగడం లేదు. చెప్పులో రాయిలా గుచ్చుకుంటోంది. గడియారం మారలేదు కదా అక్కా. మారింది మనిషి.

పలకరాయి చీల్చే షెడ్డులో పదిహేనేళ్ల నుంచి ఆ దుమ్ములో కూర్చున్న మనిషి. పై స్వరాలు అందడం లేదు. అందడం లేదని ఒప్పుకోడు, పాటనే కిందికి లాక్కుంటున్నాడు. ఆడవాళ్లం ఇప్పుడు నేలమాళిగలో బంగాళాదుంపలు వెతుక్కుంటున్నట్టు పాడుతున్నాం. అయినా ఒక్కరూ నోరెత్తరు. పాట ఎత్తేవాణ్ణి దిద్దడం ఇక్కడ ఆచారం కాదు.

నేనే ఒకసారి ధైర్యం చేశాను.

"కొంచెం కిందికొచ్చినట్టుంది కదండీ?"

"ఏది?"

"పాట."

"చలికాలం పిల్లా. చలికి అన్నీ ముడుచుకుంటాయి. ఇనుము కూడా."

ఇనుముతో మాట్లాడినా బాగుండేది.

ఆయన దగ్గుకు కారణం దుమ్ము కాదు, ఎక్కువసేపు మరిగిన టీ అన్నాడు క్వారీ డాక్టరు. ఇంకేం కావాలి అత్తగారికి? "నేను కాచినన్నాళ్లూ మావాడు దగ్గలేదమ్మా" అని కనపడ్డవాళ్లందరికీ చెబుతోంది.

మే నెలలో పట్నంలో ఆరు మందిరాలవాళ్లం కలిసి పాడే పండగ. ఒక్కో మందిరం ఒక్కో కీర్తన సొంతంగా ఎత్తాలి. ఆ తర్వాత కీర్తన అసలు శ్రుతిలో పెద్ద ఆర్గన్ అందుకుంటుంది. ఆర్గన్ చలికి ముడుచుకోదు. ఆ రోజు నీ మరిది అందరి ముందూ మూగవాడిలా నిలబడాలి, లేదా గుండె పగిలేలా అరవాలి. పోయిన ఆదివారం ఒక పై స్వరం కోసం పట్టుబట్టాడు. ఇంటికొచ్చాక ఆయన జేబురుమాలు వేరే నీళ్లలో ఉతికాను. నీళ్లు ఎందుకు ఎర్రబడ్డాయో అత్తగారికి చెప్పలేదు.

ఏం చెయ్యమంటావు? చదవగానే దీన్ని పొయ్యిలో వెయ్యి.

నీ లౌరి

*

లివర్‌పూల్,
ఫిబ్రవరి చివర

లౌరీ,

పొయ్యిలో ఏది ఎప్పుడు వెయ్యాలో వంటమనిషికి చెబుతున్నావా?

"నీ పాట కిందికొచ్చింది, నీ ఊపిరి పాడైంది, ఆ షెడ్డు మానెయ్" అని ఎదురుగా చెప్పు. మూడు ముక్కలు. దానికి ఇన్ని కాగితాలు నాకెందుకు? నువ్వు చెప్పలేవనీ తెలుసు. పెళ్లిలో 'అవును' అనడానికే పాదిరిగారు నిన్ను రెండోసారి అడగాల్సొచ్చింది. వెనకవరసలో నేను పళ్లు కొరుక్కున్నాను.

కాబట్టి నేను వండిపెట్టే ఇంటి అమ్మగారి హార్మోనియం పంపిస్తున్నాను. ఆవిడకు ఇక దాని అవసరం లేదు. కాలితో తొక్కే రకం. ఎడమ పక్కన ఒక చెక్క పిడి ఉంటుంది, దాన్ని లాగితే మెట్ల వరస మొత్తం పక్కకు జరుగుతుంది. వేళ్లు ఎప్పటి మెట్ల మీదే ఆడతాయి, శ్రుతి మాత్రం పైకో కిందికో మారుతుంది. అమ్మగారికి గొంతు పైకి వెళ్లేది కాదు, అందుకని చేయించుకున్నారు. బాగుచెయ్యడానికి వచ్చే ఆయన దీన్ని స్థానం మార్చడం అంటాడు. అమ్మగారి మేనల్లుడు కాలేజీలో లెక్కలు చెబుతాడులే, తమ లెక్కల్లోనూ ఆ పని ఉందన్నాడు. అడ్డవరసల్ని నిలువువరసలు చెయ్యడమట. ఉన్న టీకప్పులన్నీ బల్ల మీద పేర్చి, తిప్పి పేర్చి చూపించాడు. "చూశావా మారెడ్, ఒక్క కప్పు కూడా పోలేదు, చోటు మాత్రమే మారింది" అన్నాడు. కప్పులు కడిగింది మాత్రం నేను.

అది నిజమైన శ్రుతి చెబుతుంది, నీ మొగుడు వింటాడు, నువ్వు నోరు విప్పక్కర్లేదు. వద్దని రాయకు. రైలెక్కించేశాను.

మారెడ్

*

కుమ్ లోయిడ్,
మార్చి

అక్కా,

రాత ఇంకా పాడైంది, క్షమించు. కలాన్ని మరీ ఒత్తేస్తున్నాను. కోపంతో.

నిన్నెవరు పంపమన్నారు? ఒక్క మాట అడగవా? క్వారీకి ఎక్కే ఖాళీ బళ్ల వెనక తాడుతో కట్టుకుని వచ్చింది నీ హార్మోనియం, ఊరంతా చూస్తుండగా. దాని మీద 'శ్రీమతి లౌరి ఎమ్రిస్‌కు' అని నువ్వు ఇంతింత అక్షరాలతో రాశావు. నేను తలుపు వెనక దాక్కున్నాను.

సంఘపెద్దలు కూర్చున్నారు. కొట్టు ఎలిస్ లేచాడు. ఉప్పూ కొవ్వొత్తులూ అమ్మేవాడు, మందిరంలో కిందిగొంతు వరసకు తనే రాజుననుకుంటాడు.

"ఇవాళ పెట్టె వస్తుంది. రేపు దాని వెనకాలే డాన్సు వస్తుంది" అన్నాడు.

"నీ మోకాళ్లకు ఆ భయం అక్కర్లేదు ఎలిస్" అన్నారెవరో.

చివరికి మందిరంలో కాదు, వెనకగదిలో, పండగ పాటల సాధన వరకు మాత్రమే ఉంచుకోమన్నారు. మరి వాయించేదెవరు? అందరూ నేల చూపులు చూశారు. అప్పుడు అత్తగారు, అదే, నా టీ గురించి ఊరంతా చాటిన అత్తగారు, గొంతెత్తి "మా కోడలు వాయిస్తుంది. పెళ్లికి ముందు పాదిరిగారి భార్య దగ్గర నేర్చుకుంది" అంది. నా మీద ప్రేమ కాదు. ఎలిస్ భార్య తన కూతురి పేరు చెప్పేలోపు చెప్పాలని.

నాకొచ్చింది తెల్ల మెట్ల మీద వాయించడం ఒక్కటే. నల్లవాటిని తాకాలంటే భయం. నీ పెట్టెకు అదే చాలట. డో ఎప్పుడూ ఒకే మెట్టు మీద, తక్కిన పని పిడిది.

సాధన కోసం కుటుంబాల వరసలు తీసేసి గొంతుల వరసల్లో కూర్చోబెట్టారు. నాకు నీ టీకప్పులు గుర్తొచ్చాయి. పెళ్లయ్యాక మొదటిసారి అత్తగారి మోచెయ్యి నా పక్కటెముకల్లో లేకుండా పాడాను. ఆవిడ మాత్రం కిందిగొంతు ఆడవాళ్లలో ఎలిస్ భార్య పక్కన పడింది. రెండేళ్ల నుంచి వాళ్లకు మాటల్లేవు. ఇద్దరూ ఒకే పుస్తకంలోంచి, రెండు వైపులకు మొహాలు తిప్పుకుని పాడారు.

ఇక అసలు సంగతి. ఎమ్రిస్ దండం కొట్టి డో అన్నాడు. నేను పెట్టె మీద డో నొక్కాను. రెండూ కలవలేదు. పెట్టె ఎక్కడో పైన, ఆయన ఎక్కడో కింద. అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. ఆయన మొహం చూశాను. ఆయన గొంతు తడుముకున్నాడు అక్కా, చీకట్లో గోడ తడుముకునేవాడిలా.

నా చెయ్యి దానంతటదే పిడి మీదికి పోయింది. కిందికి లాగాను. పెట్టె ఆయన డో పక్కకు వచ్చి నిలబడింది. "ఆఁ" అన్నారందరూ. ఆయన నవ్వాడు.

పంపింది నువ్వు, పాపం నాకు. ఈ ఉత్తరం కాల్చెయ్యి.

లౌరి

*

లివర్‌పూల్,
మార్చి చివర

లౌరీ,

'చీకట్లో గోడ తడుముకునేవాడిలా' అని రాస్తే నా కోపం తగ్గుతుందనుకున్నావా? మనిషిని పైకి తేవడానికి యంత్రం పంపిస్తే, యంత్రాన్ని మనిషి దగ్గరికి దించావు. ఇంత తెలివి నాకూ లేదు.

పండగ దగ్గరకొస్తోంది. పట్నం ఆర్గన్‌కు పిడి లేదు. నువ్వు ఆయన్ని కాపాడటం లేదు, ఆయన పడబోయే మెట్టు ఎత్తు పెంచుతున్నావు. వారానికి కొంచెం కొంచెంగా పైకి జరుపు. ఆయన గొంతే నిజం చెబుతుంది.

ఇకనుంచి ఉత్తరాలు కింద రాసిన చిరునామాకు పంపు. కారణం అడక్కు.

మారెడ్

*

కుమ్ లోయిడ్,
ఏప్రిల్

అక్కా,

నా అక్షరాలను మన్నించు. ఈ ఇంట్లో కూర్చుని రాయడానికి చోటు కూడా లేదు, పిండి బల్ల మీద రాస్తున్నాను.

నీ మరిదికి ఇప్పుడు సాక్షి దొరికింది. క్వారీలో టీ తాగే పాకలో లేచి నిలబడి, "లివర్‌పూల్ పెట్టె, చదువుకున్నవాళ్లు చేసిన పెట్టె, అది నా డోతో సరిగ్గా కలిసింది" అన్నాడట. ఇన్నాళ్లూ మనసులో గొణుక్కుని, ఆ పూట కొవ్వొత్తులు దింపడానికి అక్కడికొచ్చిన ఎలిస్‌కు ఒళ్లు మండింది.

"నీ తండ్రి కాలంలో నా కిందిగొంతుకు నేల తగిలేది కాదయ్యా. ఇప్పుడు గడ్డం నేల మీద ఈడుస్తున్నాను."

"నీ గడ్డమే పొడుగైంది ఎలిస్. పెట్టెనడుగు."

"పెట్టెనడిగేదేంటి, దాన్ని వాయించేది నీ పెళ్లామేగా!"

ఈ మాట దగ్గర కొట్టుకోబోయారట. అప్పటినుంచి మేం ఉప్పు పక్క ఊళ్లో కొనుక్కుంటున్నాం. రానూపోనూ కొండ ఎక్కి దిగేది నేను.

నువ్వు చెప్పినట్టే పిడిని కొంచెం కొంచెం పైకి జరుపుతున్నాను. ఆయనా పెట్టెతోపాటు పైకి వస్తున్నాడు, దగ్గుతూ. దగ్గిన ప్రతిసారీ ఏమంటాడో తెలుసా? "పెట్టెకు చెమ్మ పట్టింది." ఇటుక వేడిచేసి దాని కింద పెట్టించాడు. అత్తగారు తన ఉన్ని లంగా తెచ్చి దానికి చుట్టింది. అక్కా, ఆయన దగ్గుతున్నాడు, వీళ్లు హార్మోనియానికి కాపడం పెడుతున్నారు! నాకు ఒకసారి అరవాలనిపించింది. అరవలేదు. జావ కలిపాను.

క్వారీ పైఅధికారి, రేవులో ఓడలకు పలకలెత్తే చోట మనిషి కావాలి, వెళ్తావా అని అడిగాడట. సముద్రపు గాలి, ఆరుబయట పని. ఈయన వద్దన్నాడు. ఎందుకంటే రేవుకు వెళ్తే 'గొంతు పోయింది కాబట్టి పోయాడు' అని ఎలిస్ అంటాడట. ఎలిస్ మాట కోసం ఊపిరితిత్తులు ఇచ్చేస్తాడు నీ మరిది.

నిన్ను కూడా ఒకటి అడగాలి. అమ్మగారి ఇంటి నుంచి ఎందుకు మారావు? ఆ వీధి ఓడరేవు దగ్గరిదని మా పాదిరిగారు చెప్పారు. 'కారణం అడక్కు' అంటే అడక్కుండా ఉంటానా? ఎంత మాటలురానిదాన్నయినా చెల్లెల్ని.

చదివి కాల్చెయ్యి.

లౌరి

*

లివర్‌పూల్,
ఏప్రిల్ చివర

లౌరీ,

నీ ఉత్తరం చదివి నవ్వాను, తర్వాత ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నాను, కాబట్టి ఏడ్చానో లేదో ఎవరికీ తెలియదు.

అమ్మగారు జనవరిలోనే పోయారు. మార్చిలో ఇంటికి తాళం పడింది. ఆ హార్మోనియం పేరుపెట్టి నాకు రాసిపోయారు. నేనేం చేసుకుంటాను? ఇక్కడ నాకున్నది ఒక మంచం పట్టే గది. కిందనున్న కూటి కొట్లో కూరలు తరుగుతున్నాను. ఇన్నేళ్లూ 'మా ఇల్లు, మా అమ్మగారు' అంటూ మీకు రాసినదాన్ని, ఏ మొహంతో చెప్పను? పెట్టె నీ దగ్గరికి పంపితే, నా వస్తువు ఒకటి ఎక్కడో మర్యాదగా ఉందనిపించింది.

ఎదురుగా మూడు ముక్కలు చెప్పమని నీకు రాసింది నేనే కదా. నా మూడు ముక్కలు చెప్పడానికి నాకింత కాలం పట్టింది. ఎమ్రిస్‌ను ఇక తిట్టను.

కానీ నువ్వు మాత్రం పిడిని సరైన చోట పెట్టు. ఒక్కసారైనా పెట్టు.

మారెడ్

*

కుమ్ లోయిడ్,
మే చివర

మారెడ్ అక్కకు,

చేతిరాత సంగతి ఇక అడగను, ఇన్నిసార్లు క్షమించావు కదా.

ముందు నీ మీద అరవాలి. జనవరి నుంచా! నాకు ఆరు కాగితాల కోపం ఉంది కానీ, తపాలా బండి వచ్చే వేళయింది. జరిగింది చెబుతాను.

చివరి సాధన రోజు నేను ముందే వెళ్లి పిడిని సరైన చోట పెట్టాను. అందరూ వచ్చాక ఎమ్రిస్ దండం కొట్టాడు. డో అన్నాడు. సరైన డో! క్రిస్మస్ తర్వాత మొదటిసారి. నేను నొక్కితే కలిసింది. కీర్తన మొదలైంది. మొదటి పాదం చివర పై స్వరం దగ్గర ఆయన గొంతు చిరిగిపోయింది. దగ్గు ఆగలేదు. అందరూ ఆపేశారు. ఎలిస్ నోరు తెరిచాడు.

"ఎలిస్, ఆ నోరు మూసుకో" అంది అత్తగారు. ఆవిడ పక్కనుంచి ఎలిస్ భార్య కూడా అదే అంది. ఇద్దరూ కలిసి అన్న మొదటి మాట అది.

ఎమ్రిస్ మెల్లగా పెట్టె దగ్గరికొచ్చాడు. మెట్ల వరస ఎడమ అంచు మీద బొటనవేలు పెట్టి తడిమాడు.

"ఇవాళ అంచుకు సరిగ్గా ఉంది" అన్నాడు, నాకు మాత్రమే వినపడేలా.

పిడి మీంచి చెయ్యి తీసేశాను. "మీకు తెలుసా?"

"పలకరాయిలో వెంట్రుకంత గీత చూసి చీల్చేవాణ్ణి. నీ పెట్టె రెండు వేళ్లు పక్కకు జరిగితే కనపడదా పిల్లా?"

"ఎప్పటినుంచి?"

"రెండో సాధన నుంచి."

"మరి ఎలిస్‌తో ఆ కొట్లాటేంటండీ? పాకలో ఆ ఉపన్యాసం? వేడి ఇటుక? నేను ఉప్పు కోసం కొండెక్కి దిగానే!" అన్నాను. గట్టిగానే అన్నానట. గదిలో అందరూ విన్నారట. నా గొంతు అంతమంది ఎప్పుడూ వినలేదు.

ఆయన తల దించుకున్నాడు. "నువ్వు నాకోసం అబద్ధం ఆడుతున్నావు. నిన్నొక్కదాన్నే ఆడనివ్వడం బాగుంటుందా?"

ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలో నువ్వే చెప్పు. కొట్టాలా, ముద్దు పెట్టుకోవాలా? అందరూ చూస్తున్నారు కాబట్టి రెండూ చెయ్యలేదు. "ఆ షెడ్డు మానెయ్యండి" అన్నాను. నీ మూడు ముక్కల్లో ఒకటే వచ్చింది.

పండగ రోజు మా వంతు వచ్చింది. ఆరు మందిరాలు, మేడల మీద కూడా జనం. ఎమ్రిస్ ముందుకు వెళ్లి నిలబడ్డాడు. దండాన్ని మోకాలికి కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకోలేదు. మెట్లు దిగి, ఆడవాళ్ల వరసల మధ్యనుంచి నడిచి వచ్చి, దాని కాలును నా ముందున్న బల్ల చెక్క మీద ఆనించాడు. చెక్క మోగింది. నా చేతుల కింద మోగింది.

ఆడది పాట ఎత్తడం మన వైపు ఎక్కడైనా విన్నావా? నేను వినలేదు. నా వెనక ఎవరో గుసగుసలాడారు. నాకు పారిపోవాలనిపించింది. అప్పుడు ఆయన మొహం చూశాను, డో అందుకున్నాను.

ఆయన చెయ్యి ఎత్తాడు. మావాళ్ల గొంతులు పైకెక్కాయి. అలవాటు తప్పిన మెట్లు కదా, ఎలిస్ మెడనరాలు తాళ్లలా ఉబ్బాయి, అయినా ఎక్కాడు. ఎమ్రిస్ నోరు విప్పలేదు. చేత్తో తాళం వేస్తూ, ఊపిరంతా తనలోనే దాచుకుని, పాటనంతా నడిపించాడు. ఆర్గన్ అందుకున్నప్పుడు మాకూ దానికీ మధ్య కాగితం కూడా దూరలేదు.

బయటికొచ్చాక అత్తగారు నా టోపీ సర్దుతూ, "కొంచెం తొందరగా ఎత్తావమ్మాయ్" అంది. తర్వాత ఎవరూ చూడకుండా నా చేతిలో ఎండుద్రాక్ష రొట్టె ముక్క పెట్టింది.

వచ్చే నెల నుంచి ఆయనకు రేవులో పని. అక్కడి ఇంట్లో కిటికీ పక్కన నీ హార్మోనియానికి చోటుంది, దాని పక్కన నీ మంచానికీ ఉంది. అత్తగారు ఇక్కడే ఉంటానంటోంది, ఎలిస్ భార్యతో ఇప్పుడిప్పుడే మాటలు కలిశాయట, వదిలి రాలేదట. కూరలు ఇక్కడా తరగొచ్చు. వద్దని రాయకు. నీకు టికెట్ ఇచ్చే మనిషితో ఎమ్రిస్ అప్పుడే మాట్లాడేశాడు. ఎవరు నేర్పారో మాకు ఈ పద్ధతి!

నా పాత ఉత్తరాలేవీ నువ్వు కాల్చలేదు. 'చీకట్లో గోడ' అన్న నా మాట నాకే అప్పజెప్పినప్పుడే దొరికిపోయావు. వాటిని ఉంచుకో, వచ్చేటప్పుడు తెచ్చుకో. కానీ ఇది మాత్రం కాల్చు. డో అందుకునే ముందు ఆయన మొహం చూశానన్నాను కదా. ఆ కళ్లలో భయం తప్ప ఇంకేమీ లేదు అక్కా. ఆరు మందిరాలు చూశాయి, ఎవరికీ అది కనపడలేదు. అది నాకూ ఆయనకూ ఉండిపోవాలి. ఈ ఒక్కదాన్ని, ఒట్టు, పొయ్యిలో వెయ్యి.

నీ లౌరి